గోజో ఎందుకంత వెడల్పు

ఇటు జరగండి, నిప్పుకి దగ్గరగా. మన క్యోటో చలి గాలిలో వచ్చేది కాదు, నేలలోంచి అరికాళ్ళకెక్కే చలి. ఇంకో రెండు బొగ్గులు వెయ్యి నాన్నా. చెప్పాల్సింది కాస్త పెద్దదే.

నిన్న నువ్వొక మాట అడిగావు. ఊళ్ళో సందులన్నీ రెండు గొడుగులు ఎదురుపడితే ఒకటి వంచాల్సినంత ఇరుగ్గా ఉంటే, గోజో వీధి ఒక్కటి ఎందుకంత వెడల్పని. నేను వెంటనే చెప్పలేదు. వంట మీద ఉన్నాననుకున్నావు. అది కాదు. ఆ వెడల్పు సంగతి నిలబడి చెప్పేది కాదు, కూర్చుని చెప్పాలి.

యాభై మీటర్ల దాకా ఉంటుంది ఆ వీధి. నాలాంటి వాళ్ళు పచ్చ దీపం పడగానే అడుగేసినా, అవతలి గట్టు చేరేసరికి ఎర్ర దీపం పడుతుంది. తూర్పున హిగాషియామా కొండల్ని దాటుకుని వచ్చే ఒకటో నంబరు జాతీయ రహదారి అదే. కరసుమా కూడలి నుంచి పడమటికి కొండలు దాటి పోయే తొమ్మిదో నంబరు కూడా దాని మీదే మొదలవుతుంది. లారీలు, టూరిస్టు బస్సులు, కియోమిజు గుడికి పోయే జనం, అన్నీ దాని మీదే. ఊరికి అడ్డంగా, కామో నదిని దాటి ఈ చివర నుంచి ఆ చివరకి. ఆ దారి మీద పోయేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, చక్రాల కింద ఏమున్నాయో!

మొదటి నుంచీ చెప్తాను. 794లో కమ్ము చక్రవర్తి ఈ ఊరు కట్టించినప్పుడు గళ్ళు గీసినట్టు వీధులు వేశారు. ఉత్తరం నుంచి దక్షిణానికి లెక్కపెట్టుకుంటూ ఒకటో పెద్ద వీధి ఇచిజో, తొమ్మిదోది కుజో. అయిదోది గోజో. నడి మధ్యన నిలువుగా పోయే సుజాకు వీధి ఎనభై నాలుగు మీటర్లు. గోజో లాంటివి ఇరవై నాలుగు. చిన్న వీధులు పన్నెండు. అంతా కొలత ప్రకారం. తర్వాత వందల ఏళ్ళలో జనం ఇళ్ళు ముందుకి జరుపుకుంటూ, చూరు దించుకుంటూ వీధుల్ని సన్నం చేసేశారనుకోండి. చక్రవర్తి గీసిన గీత మీద మనుషులు కాపరం పెట్టారు. నాకది ఇష్టం.

అయితే ఆ గోజో ఈ గోజో కాదు. ఇది వినండి, మీ బళ్ళో చెప్పరు. అప్పటి గోజో ఇప్పుడు మనం మత్సుబారా అంటున్న వీధి. మన వీధికి ఉత్తరంగా, మంజుజి వీధి దాటాక ఉంటుంది చూడు, చిన్నది, పచారీ కొట్లు, టోఫు అంగడి ఉన్నది, అదే. గెంజి కథలో యూగావో అనే అమ్మాయి ఇల్లు గోజోలో అని రాశారు కదా, ఆ పేటకి ఇప్పటికీ యూగావో పేరే ఉంది. అది మత్సుబారా దగ్గర ఉంది కానీ లారీల గోజోలో లేదు. ఉషివకా కుర్రాడు, బెంకెయ్ సన్యాసి కత్తులు దూసుకున్న గోజో వంతెన ఉందే, అది కూడా అక్కడిదే. వంతెన మీద కొట్లాట పిల్లల పాటల్లోకి ఎక్కిపోయింది గానీ, పాత పుస్తకం గికేయ్‌కిలో వాళ్ళు ఎదురుపడింది గోజో తెంజిన్ గుడి దగ్గర. ఆ గుడీ మత్సుబారా మీదే ఉంది. ఇవాళ పెద్ద గోజో వంతెనకి పడమటి పక్క రోడ్డు మధ్యలో బొమ్మల్లా నిలబెట్టారు ఇద్దర్నీ. బాగుంటాయి బొమ్మలు. చుట్టాలొస్తే నేనే చూపిస్తాను. చూపించాక, అసలు చోటు ఉత్తరాన ఉందని కూడా చెప్తాను.

మరి పేరు ఇక్కడికి ఎలా దిగొచ్చింది? హిదెయోషి తెచ్చాడు. దేశమంతా తన కింద పెట్టుకున్న రోజుల్లో నదికి ఇవతల హోకోజి గుళ్ళో నారాలోని దాని కంటే పెద్ద బుద్ధ విగ్రహం పెట్టాలనుకున్నాడు. దానికి జనం పోవటానికి దారి కావాలి. 1589, 90 ప్రాంతంలో పాత గోజో వంతెనని తీసేసి, దక్షిణంగా ఒక చిన్న వీధి ముందు రాతి స్తంభాల మీద కొత్త వంతెన వేయించాడు. ఆ చిన్న వీధి, పన్నెండు మీటర్ల నాటిది. వంతెనతో పాటు పేరూ వచ్చేసింది. పాత వీధిలో వాళ్ళకి పేరు పోయింది, ఏం చేస్తారు, వాళ్ళ వీధిలోని పైన్ చెట్ల పేరు పెట్టుకున్నారు. ఆ వంతెన రాళ్ళు కొన్ని ఇప్పుడు హెయాన్ మందిరం తోటలో కొలను మీద అడుగురాళ్ళుగా ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు వాటి మీద కాలు పెట్టి చూడండి.

విగ్రహం 1596 భూకంపంలో పగిలిపోయింది. హిదెయోషి కూడా రెండేళ్ళకి పోయాడు. కానీ ఆయన కట్టించినది ఒకటి ఇంకా ఉంది, అదీ ఆ పేటలోనే, గోజోకి దక్షిణంగా. పేరుకి చెవుల దిబ్బ అంటాం. కొరియా మీదికి దండు పంపినప్పుడు చంపినవాళ్ళ తలలు మొయ్యలేక, ముక్కులు కోసి ఉప్పులో వేసి ఓడల మీద పంపారు. మనుషుల్ని లెక్కపెట్టటానికి. అవన్నీ ఆ పచ్చగడ్డి దిబ్బ కింద ఉన్నాయి. పక్కనే పార్కు, పిల్లలు ఉయ్యాలలూగుతుంటారు. మా అమ్మ ఆ పక్కగా పోయినప్పుడల్లా బుట్ట కింద పెట్టి రెండు చేతులూ జోడించేది. నేనూ అలాగే చేస్తాను. మీరూ చెయ్యండి.

ఇక మన పేట, గోజోజకా. నేను పుట్టింది అక్కడే. కొండ వాలు, పైన కియోమిజు. వాలున్న చోట ఎక్కుడు ఆవం కట్టొచ్చు కాబట్టి కుమ్మరులు అక్కడ దిగారు. ఎక్కుడు ఆవం అంటే మీరు చూడలేదు కదా! కొండెక్కుతున్నట్టు ఒక గది వెనక ఒక గది, ఇటుకా మట్టీ పెట్టి గుమ్మటంలా కట్టినవి. కింద నోట్లో పైన్ కట్టెలు పెడితే మంట ఒక గదిలోంచి పై గదిలోకి పాకుతుంది. కింది గది కాలిందంటే, పై గదికి పక్క కంతల్లోంచి కట్టె వేస్తారు. అలా రాత్రీ పగలూ. మంట రంగు చూసి వేడి చెప్పేవాళ్ళు మా వాళ్ళు. ఎరుపు దాటి, పసుపు దాటి, తెల్లగా కళ్ళు చూడలేనట్టు అయితే పన్నెండు వందల డిగ్రీలు దాటిందని లెక్క.

అందరికీ సొంత ఆవం ఉండేది కాదు. ఒక్కొక్క ఆవంలో ఇంతమంది అని గదులు పంచుకునేవారు. మా నాన్న అలా అద్దెకి తీసుకునేవాడు. టీ గిన్నెలు, సాకే బుడ్లు చేసేవాడు, పేరు మోసిన పనివాడేం కాదు. మా పక్కనే పేరు మోసిన కుమ్మరి కవాయ్ కంజిరో గారి ఇల్లుండేది. ఆయన షిమానేలోని యసుగి నుంచి వచ్చి, 1920లో కియోమిజు రొకుబెయ్ గారింటి ఆవం కొనుక్కుని ఇక్కడే ఉండిపోయాడు. మీరు మ్యూజియంగా చూశారే, ఆ ఇల్లు 1937లో ఆయనే గీయించి కట్టించుకున్నది. అంత పెద్దవాడు, దేశం బిరుదులిస్తానంటే వద్దన్నాడు. ఆయన ఆవంలో ఎనిమిది గదులు. అందులోనూ చుట్టుపక్కల వాళ్ళ పాత్రలు కాలేవి. గొప్పవాడి పాత్రా, మా నాన్న లాంటి వాడి పాత్రా ఒకే మంటలో. అది మా పేట.

ఆవం కాలిన రాత్రి పిల్లలం నిద్రపోయేవాళ్ళం కాదు. చలికాలంలో ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే, అబ్బ, ఈ కుంపటేం పనికొస్తుంది!

తర్వాత యుద్ధం. లోహం లేదు, గుడి గంటలు కూడా దించి పట్టుకుపోయారు. లోహంతో చెయ్యాల్సినవి మట్టితో చెయ్యమన్నారు కుమ్మరుల్ని. బొత్తాలు మట్టివి, ఇస్త్రీ పెట్టెలు మట్టివి. కొన్ని కుమ్మరి ఊళ్ళలో చేతి బాంబుల గుల్లలు కూడా మట్టితోనే చేయించారు. చివరికి కట్టె కూడా దొరక్క మంటలు ఆగిపోయాయి. కంజిరో గారు అప్పుడు కూర్చుని రాసుకునేవారట. మా నాన్నకి రాత రాదు. సారె ముందు ఊరికే కూర్చునేవాడు.

1945 జనవరి 16 రాత్రి పదకొండు దాటాక ఉమమాచి మీద బాంబులు పడ్డాయి. గోజోజకాకి కాస్త దక్షిణంగా, అంతే. ముప్ఫై మందికి పైగా చచ్చిపోయారు. మా ఇంటి తలుపులు చట్రాల్లోంచి ఊడి లోపల పడ్డాయి. పత్రికల్లో పెద్దగా రానివ్వలేదు. అందుకే ఇప్పటికీ వచ్చేవాళ్ళు, క్యోటో బాంబులు పడని ఊరు కదా అంటారు. జూన్ 26న పడమటి నేత పేట నిషిజిన్ మీద కూడా పడ్డాయి.

ఇప్పుడు వెడల్పు సంగతి.

ఆ మార్చిలో కాగితాలు వచ్చాయి. ఊరికి నిప్పంటుకుంటే మంట ఈ పక్క నుంచి ఆ పక్కకి దూకకుండా ఖాళీ జాగా కావాలి, గోజో వెంబడి ఒక వరస ఇళ్ళన్నీ పడగొడతాం, కొద్ది రోజుల్లో ఖాళీ చెయ్యండి అని. ఒక్క గోజో కాదు, ఓయికే, హోరికావా కూడా. ఆ మూడూ ఇవాళ మన ఊళ్ళో పెద్ద రోడ్లు. మూడూ అలా వచ్చినవే.

మా ఇల్లు సందులోది, మిగిలింది. మా పిన్ని వాళ్ళ అంగడి వీధి మీదిది. చిన్న పింగాణీ కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఓ బావి, ఓ పూల చెట్టు. బాబాయి సిపాయిగా పోయాడు. ముసలి అత్తగారు, చంటిపిల్ల, పిన్ని. సామాను మొయ్యటానికి బండి దొరకలేదు. అందరికీ ఒకేసారి కావాలి కదా. మా అన్నయ్య ఉంటే సాయం చేసేవాడు, బడి పిల్లల్ని పల్లెలకి తరలిస్తూ వాడినీ పంపేశారు. నాకు ఏడేళ్ళు. నేనూ అమ్మా గిన్నెలు గడ్డిలో చుట్టి మోశాం. మోసినవి మోయగా మిగిలినవి అలమారుల్లోనే ఉండిపోయాయి.

ఇల్లు ఎలా పడగొట్టారో నా కళ్ళతో చూశాను. ముందు పెంకులు దించారు. తర్వాత స్తంభాల్ని కింద రంపంతో సగం దాకా కోశారు. నడి స్తంభానికి మోకు కట్టి, వీధిలో వరసగా నిలబడి లాగారు. లాగింది ఎవరో కాదు, పేట మనుషులు, పెద్ద బడి పిల్లలు, కొందరు సిపాయిలు. పాట పాడినట్టు ఒకే ఊపున. ఇల్లు వెంటనే పడలేదు. ఓసారి ఒరిగింది, ఆగింది. రెండోసారి లాగితే కూలింది. ధూళి ఎంతలా లేచిందంటే, ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు. ధూళి తగ్గాక చూస్తే, పిన్ని అత్తగారు ఆ కుప్ప వంక చూసి దణ్ణం పెడుతోంది. ఆవిడ పెళ్ళై వచ్చిన ఇల్లది. మోకు లాగిన వాళ్ళలో ఆవిడ చేతి ముద్ద తిన్న కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకడు వచ్చి క్షమించమని నేల మీద తల ఆనించాడు. ఆవిడ వాడి వీపు మీద చెయ్యి వేసింది. నేను పెద్దయ్యాక చాలాసార్లు అనుకున్నాను, ఊరు మీద కోపం తెచ్చుకోవాలంటే ఎవరి మీద తెచ్చుకోవాలి అని.

శత్రువు బాంబుకి కాలినది కాదు నాన్నా అది. కాలుతుందేమోనని మన చేతుల్తో మనం కూల్చుకున్నది. ఇలా వేల ఇళ్ళు. వాటి లెక్క బాంబుల లెక్కలో రాదు. కాబట్టే ఎవరికీ గుర్తు లేదు.

ఇంకో మాట. అణుబాంబు వెయ్యటానికి అమెరికా వాళ్ళు రాసుకున్న ఊళ్ళలో మొదట మన ఊరుంది. గురి పెట్టింది ఉమెకోజి రైలింజన్ల షెడ్డు మీద. మా ఇంటికి మూడు కిలోమీటర్లు. వాళ్ళ యుద్ధ మంత్రి స్టిమ్సన్ అంతకు ముందు 1926లో ఈ ఊరు చూసి వెళ్ళినవాడు. ఆయన పట్టుబట్టి జాబితాలోంచి తీయించాడు. నేనిలా మీకు కథలు చెప్పటం అందువల్లే. హిరోషిమా, నాగసాకి వాళ్ళకి ఆ భాగ్యం లేకపోయింది. ఆ సంగతి మరవకూడదు. మరి ఆ బాంబు పడి ఉంటే యాభై మీటర్ల ఖాళీ జాగా ఏం ఆపేది? ఏమీ ఆపేది కాదు. పిన్ని ఇల్లు పోయినందుకు దక్కిందేమీ లేదు.

ఆగస్టులో యుద్ధం అయిపోయింది. వీధి వెంబడి ఖాళీ నేల. అందరూ గుమ్మడి పాదులు, చిలగడదుంపలు వేశారు. పిన్ని కూడా తన ఇంటి చోటు గుర్తుపట్టి వేసింది. బావి ఉంది కదా, ఆనవాలు. తవ్వుతుంటే మేం వదిలేసిన గిన్నెల పెంకులు వచ్చేవి. బాబాయి తిరిగొస్తే అక్కడే మళ్ళీ కట్టుకుందామనుకుంది. బాబాయి రాలేదు. 1947లో పట్నం ప్రణాళిక అని ఆ నేలంతా రోడ్డు కిందికి తీసుకున్నారు. నష్టపరిహారం ఏదో ఇచ్చారు. అప్పటి ధరల్లో అది దేనికీ చాలలేదు. పిన్ని ఒసాకా పోయి ఒక మిల్లులో చేరింది.

మత్సుబారా చెప్పాను కదా, పాత గోజో. దానికి పేరు తర్వాత ఇంకోటి కూడా పోయింది. గియోన్ పండగ రథాలు మా చిన్నప్పుడు షిజో మీదుగా వచ్చి తెరామాచి తిరిగి మత్సుబారా లోంచే పోయేవి. ఎంత సన్నటి వీధి! రథం పోతుంటే మేడ మీది కిటికీలోంచి చెయ్యి చాపితే అందేట్టు ఉండేది. రథం పైనున్న వాళ్ళు కట్టల్లో కట్టిన చిమాకీ ఆకుల్ని కిటికీల్లోకి విసిరేవారు, ఏడాదంతా గుమ్మానికి కట్టుకునే రక్ష అది. యుద్ధంలో ఆగిపోయి, 1947లో ఒక్క నగినాతా రథంతో మళ్ళీ మొదలైంది. 1956లో దారి మార్చేశారు. జనం కూర్చుని చూడటానికి వెడల్పైన చోటు కావాలని ఓయికే వైపు తిప్పారు. ఓయికే ఎలా వెడల్పయిందో ఇప్పుడు మీకు తెలుసు. నేను చూడ్డానికి వెళ్తాను, బాగానే ఉంటుంది. కాని ఆ కుర్చీలు వేసిన చోటెవరి వంటిల్లో అనిపిస్తుంది.

తర్వాతంతా తొందరగా జరిగింది. 1963లో మెయ్‌షిన్ హైవే తెరిచారు, దేశంలో మొట్టమొదటిది. అది యమషినా దగ్గర దిగుతుంది. అక్కడి నుంచి వచ్చే లారీలన్నీ కొండ దాటి మా గోజో మీదికే. రాత్రి పడుకుంటే ఇల్లు కదిలేది. లారీల పొగ ఒక పక్క, ఆవం పొగ ఒక పక్క. ఆరేసిన బట్టల మీద మసి పడుతోందని కొత్తగా వచ్చినవాళ్ళు ఫిర్యాదు చేశారు. వాళ్ళ తప్పు కాదు, నిజంగానే పడేది. గాలి కాలుష్యం చట్టాలు వచ్చి 1970ల మొదట్లోనే గోజోజకాలో ఎక్కుడు ఆవం మంటలు చాలావరకు చల్లారిపోయాయి. గ్యాసు, కరెంటు బట్టీలు వచ్చాయి. చాలామంది కుమ్మరులు అదే గోజో పట్టుకుని కొండ అవతల యమషినాకి, కొత్తగా కట్టిన పింగాణీ పేటకి పోయారు. మా నాన్న పోలేదు. కరెంటు మంటకి రంగు ఉండదన్నాడు. అప్పటికే వయసైపోయింది.

ట్రాములు 1978 సెప్టెంబరు 30న పూర్తిగా ఆగిపోయాయి. ఆఖరి రోజు చూద్దామని మీ అమ్మని ఎత్తుకుని హిగాషియామా మూల మీద నిలబడ్డాను. దాని గంట చప్పుడు ఇప్పటి బస్సుకి లేదు.

ఇదంతా విని దిగులు పడకండి. ఆ వీధి చచ్చిపోయింది కాదు. ఆగస్టు 7 నుంచి 10 దాకా పింగాణీ సంత చూశారు కదా. 1920లో మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే ఎందుకంటే, అవే రోజుల్లో మత్సుబారా మీద రోకుదో చిన్నోజిలో పితరుల్ని పిలుస్తారు. ఒనో నో తకామురా అనే ఆయన రాత్రిళ్ళు యమలోకానికి దిగిపోయిన బావి ఆ గుళ్ళో ఉందని చెప్తారు. జనం చచ్చిపోయిన వాళ్ళని పిలుచుకోవటానికి పాత గోజోకి వచ్చి, ఇంటికి పోతూ కొత్త గోజోలో గిన్నెలు కొనుక్కుంటారు. మా కుమ్మరులకి ఏడాది బియ్యం ఆ నాలుగు రోజుల్లో వచ్చేది.

ఈ ఆగస్టులో నా మోకాళ్ళు సహకరిస్తాయో లేదో, మీరిద్దరూ వెళ్ళండి. ఎలా చెయ్యాలో వినండి. గుడి వాకిట్లో కోయమకి కొమ్మ అమ్ముతారు, పచ్చగా ఉన్నది తీసుకో. వచ్చేవాళ్ళు ఆ ఆకుల మీదే వస్తారు. లోపల సన్నటి చెక్క మీద పేర్లు రాయిస్తారు. మా నాన్న పేరు, అమ్మ పేరు, పిన్ని పేరు, బాబాయి పేరు. పిన్ని అత్తగారి పేరు కూడా, మరిచిపోవద్దు, ఆవిడకి ఇంకెవరూ లేరు. కాగితం మీద రాసిస్తాను. గంట కనపడదు, గోడ వెనక ఉంటుంది. కంతలోంచి తాడు వస్తుంది, దాన్ని నీ వైపుకి లాగాలి. గట్టిగా లాగు, దూరం నుంచి రావాలి వాళ్ళు. చెక్కని ధూపంలో తిప్పి, రాతి జిజో విగ్రహాల దగ్గర కోయమకి ఆకుతో నీళ్ళు చల్లి అక్కడ పెట్టెయ్యి. కొమ్మ మాత్రం ఇంటికి తీసుకురా.

తిరిగొస్తూ సంతలో నాకొక టీ గిన్నె తేవాలి. వరసల చివర నేల మీద పరిచిన గంపల్లో చూడు, మచ్చ పడినవి చవగ్గా ఇస్తారు. మచ్చ ఉంటే ఏం ఫరవాలేదు. వేలి మీద పెట్టుకుని గోటితో కొట్టు. ఖంగుమంటే కొను. మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టు, ఎంత అందంగా ఉన్నా అక్కడే పెట్టి వచ్చెయ్యి.